వంతెన మీద సన్మాన పత్రం: అతిశయోక్తి ఎంత పాళ్ళు, ఎటకారం ఎక్కడ ఆపాలి?

ఏటిగట్టు · 1

కనుమ తీర్థంలో స్టేజీ మీద చదవడానికి సన్మాన పత్రం ఒకటి తయారవుతోందండి. పైకి పొగడ్త, లోపల వాత. విషయం లంక ఊరి వంతెన. స్తంభాలు లేచాయి, పైన స్లాబు లేదు, జనం ఇంకా పంటు మీదే ఏరు దాటుతున్నారు. చదవడానికి 5 నిమిషాలు ఇచ్చారు. ఆ రాత్రికే కాగితం వాట్సాప్‌లోకి వెళ్ళిపోతుంది. ఊరి పేరు తీసేశాను. అంకెలు నమూనాకి వేసినవి: పని మొదలై 14 ఏళ్ళు, 12 స్తంభాలకి 9 పూర్తి, శంకుస్థాపనలు 3. ముసాయిదా ఇదీ:

1) ఒక్క వంతెనకు 3 మార్లు శంకుస్థాపన గావించి, రాయి మీద రాయి నిలిపిన తమ దీక్ష అనన్యసామాన్యము.
2) తమ హయాములో ఈ వంతెన పేర లక్ష కోట్లు మింగితిరి.
3) తమరు వేయించిన స్తంభముల మీద కొంగలు నివాసముండి తమను దీవించుచున్నవి.
4) పంటు మీద నిలబడి ప్రయాణించు భాగ్యము మా మనుమలకు కూడా కలుగజేసిన తమ ఔదార్యము కొనియాడదగినది.
5) తమరు మనిషి కాదు, పశువు.
6) వరదలలో హెలికాప్టరు నుండి మాపై చల్లని చూపులు ప్రసరింపజేసితిరి.

2, 5 మీద కమిటీలో వాదన తెగట్లేదు. ఒక్కో వాక్యం పట్టుకుని చెప్పండి. మొత్తానికి బాగుంది అంటే మాకు ఉపయోగం లేదండి.


ద్రాక్షారామం · 2

ఇందులో మూడు రకాల సరుకు కలిసిపోయింది. 1, 3, 4, 6 వ్యాజస్తుతి. 2 ఆరోపణ. 5 తిట్టు. మూడింటికీ మూడు రకాల వైద్యం కావాలి.

వ్యాజస్తుతి మనకి కొత్త కాదు. కృష్ణా తీరంలో శ్రీకాకుళాంధ్రదేవుడి మీద కాసుల పురుషోత్తమ కవి చెప్పిన శతకమంతా ఆ దారే. కాకపోతే అక్కడ పైకి నింద, లోపల స్తుతి. రాజకీయానికి వాడేది దాన్ని తిరగేసిన పద్ధతి: పైకి స్తుతి, లోపల నింద. అప్పయ్య దీక్షితులు కువలయానందం అనే అలంకార గ్రంథంలో రెండిటినీ వ్యాజస్తుతి అనే పేరు కిందే చెప్పాడు. రెండోదాన్ని వ్యాజనింద అని చాలామంది రాస్తున్నారు గానీ, వ్యాజనింద వేరు. ఒకణ్ణి నిందిస్తుంటే ఆ నింద ఇంకొకడికి తగలడం అది. దానికీ మీ పత్రంలో చోటుంది. స్తంభాల మీద కొంగల్ని పట్టుకుని "ఇన్నేళ్ళ నుంచి అద్దె కట్టకుండా ఉంటున్నారే, సిగ్గులేదూ" అని మందలించండి. ఆ మాట కొంగలకి తగలదు, స్తంభాల్ని వాటికి వదిలేసిన వాళ్ళకి తగులుతుంది.

వ్యాజస్తుతి నిలబడాలంటే పొగిడే పని నిజంగా జరిగి ఉండాలి. మూడు శంకుస్థాపనలు జరిగాయి, అది నిజం. దాన్ని దీక్ష అనడంలో ఉంది ఎటకారం. పని నిజం, దానికి పెట్టిన పేరు తారుమారు. జరగని పనిని పొగిడితే వినేవాడికి పట్టు దొరకదు. 3వ వాక్యం అన్నిటికంటే గట్టిది ఎందుకంటే అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. గట్టు మీద నిలబడితే కొంగలు కనబడతాయి.

5 తీసేయాల్సిందే. నాలుగో వాక్యం దాకా చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డ మనిషి అయిదోదాన్లో చెప్పు తీశాడు. ఆరోదాన్లో మళ్ళీ చేతులు కట్టుకుంటే ఎవరూ నమ్మరు. వినయం మొదలెడితే చివరిదాకా వినయమే ఉండాలి.


లంకపిల్ల · 3

2 కూడా అతిశయోక్తే కదండీ? ఒక్క వంతెనకి లక్ష కోట్లంటే ఎవరు నమ్ముతారు?


ద్రాక్షారామం · 4

నమ్ముతారమ్మా. లక్ష కోట్లు, రెండు లక్షల కోట్లు అని రోజూ టీవీలో వింటూనే ఉన్నారు. ఆ అంకెల దగ్గర జనానికి కొలత పోయింది. నమ్మగలిగిన అంకెని పెంచి చెబితే అది అబద్ధం కిందే లెక్క. నమ్మలేనంత పెంచితేనే అతిశయోక్తి.

14 ఏళ్ళనే తీసుకోండి. 28 ఏళ్ళన్నారనుకోండి, వినేవాడు అదే నిజమనుకుని ఇంటికెళ్ళి చెబుతాడు. అవతలి వాళ్ళు శిలాఫలకం మీద తేదీ చూపించి మీ పత్రం మొత్తం తప్పుడుదని తేల్చేస్తారు. "శాతవాహనుల నాటి నుంచి" అంటే ఎవడూ మోసపోడు. ఉన్నంత చెప్పండి, లేదా ఎవరి ఊహకీ అందనంత దూరం తీసుకెళ్ళండి. రెట్టింపు, మూడు రెట్లు, అయిదు రెట్లు ఉన్న మధ్య భాగమే ఊబి. రాజకీయ వ్యంగ్యంలో చెడిపోయే వాక్యాలు ఎక్కువ ఆ మధ్యలోనే దిగబడతాయి.

మూడో దారి ఇంకా మంచిది. అంకెని ముట్టుకోకుండా, పక్కన ఇంకో నిజమైన అంకె పెట్టడం. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. గోదావరి మొత్తానికి అడ్డుకట్ట 5 ఏళ్ళలో, యంత్రాలు అంతంత మాత్రం ఉన్న రోజుల్లో. మీ పాయ మీద వంతెన 14 ఏళ్ళు. డెల్టాలో కాటన్ దొర సంగతి తెలియనివాళ్ళు లేరు కాబట్టి మీరు వివరించక్కర్లేదు. వినేవాడే తీసివేత చేసుకుంటాడు.


హాస్యవంత · 5

బుర్రకథలో ముగ్గురు ఉండటం ఇలాంటి పనికి బాగా కలిసొస్తుందండి. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత. నిజం, అతిశయోక్తి, పొగడ్త ఒకే నోట్లోంచి వస్తే జనానికి ఏది ఏదో తెలియదు. నోళ్ళు వేరైతే తెలుస్తుంది. రాజకీయ వంత "శంకుస్థాపనలు 3" అని పొడిగా చెబుతాడు. కథకుడు "ఆహా, ఏమి దీక్ష" అంటాడు. హాస్య వంత "నాలుగోదానికి రాయి గుంటూరు నుంచి వస్తంది" అంటాడు. మధ్యలో తందాన తాన పడుతుంది, ఆ తాళంలోనే జనం నవ్వుకుంటారు.

మీది ఒక్కడే చదివే పత్రం కాబట్టి ఆ ముగ్గురి పనీ వాక్యాల వరసలో పెట్టండి. ముందు నిజం, చిన్న వాక్యం, విశేషణాలు లేకుండా. తర్వాత పొగడ్త. తర్వాత రెండు అంకెలు లెక్కపెట్టేంత మౌనం. నిజం ముందు రాకపోతే పొగడ్త ఉత్త పొగడ్తలాగే వినబడుతుంది. పక్క ఊరి నుంచి తీర్థానికి వచ్చిన మనిషికి మీ వంతెన గొడవ తెలియదు కదా. మీ ముసాయిదాలో 14 ఏళ్ళు, 9 స్తంభాలు అన్న మాట ఎక్కడా లేదు. ఈ టపా పైన మాకు చెప్పారు, పత్రంలో జనానికి చెప్పలేదు.

ఇంకోటి. తెలుగు వాక్యానికి క్రియ చివర వస్తుంది. దెబ్బ కొట్టే మాట కూడా చివరికే రావాలి. 4వ వాక్యం చూడండి. "మా మనుమలకు కూడా" అన్న దగ్గర నవ్వు పుడుతుంది. దాని తర్వాత "కలుగజేసిన తమ ఔదార్యము కొనియాడదగినది" అని నాలుగు మాటలు మిగిలాయి. జనం నవ్వుతుంటే మీరు ఆ నాలుగు మాటలూ చదువుతూ ఉంటారు, లేదా మీరు చదువుతున్నారని నవ్వడం ఆపేస్తారు. "పంటు మీద నిలబడి ఏరు దాటు భాగ్యము మాకే కాదు, మా మనుమలకును దక్కించితిరి." ఇప్పుడు మనుమల తర్వాత ఒక్క మాటే ఉంది. 1వ వాక్యంలో "అనన్యసామాన్యము" కూడా అలా తోకలా వేలాడుతోంది, కోసేయండి.

వాక్యం ఒక్క ఊపిరిలో అయిపోవాలి. తీర్థంలో పక్కనే రంగులరాట్నం, బూరల అమ్మకాలు, ఇంకో మైకు. 12 మాటలు దాటితే మొదలు మర్చిపోతారు.


తూర్పుగట్టు · 6

ఇంత శాస్త్రం ఎందుకండీ. గోదారోళ్ళకి ఎటకారం ఎవరైనా నేర్పాలా? "అబ్బో, మా నాయకుడు మహానుభావుడండీ" అంటే చాలు, చంటిపిల్లాడికి కూడా అర్థమైపోద్ది.


కేతిగాడు · 7

తూర్పుగట్టు గారూ, మీరన్న వాక్యంలో పని చేసింది మాటలు కాదండి, సాగదీత. "మహానుభావుడండీ" అనేటప్పుడు "భా" దగ్గర గొంతు సాగుతుంది, తల కాస్త పక్కకి వాలుతుంది, చివర్లో "ఆయ్" పడుతుంది. కాగితం మీద అవన్నీ పోతాయి. "మా నాయకుడు మహానుభావుడండీ" అని అచ్చులో చూస్తే అభిమాన సంఘం ఫ్లెక్సీ అనుకుంటారు. ఆశ్చర్యార్థకాలు నాలుగు పెట్టినా, నవ్వు బొమ్మలు పెట్టినా అంతే, అభిమానులూ అవే పెడతారు. గొంతులో పోయినదాన్ని మాటల ఎంపికలోనే రాబట్టుకోవాలి.

అచ్చులో ఎటకారానికి మనకున్న మంచి గుర్తు భాష మెట్టు మారడం. "దివ్య సముఖమునకు", "గావించి" అంటూ గ్రాంథికంలో పోతూ పోతూ ఒక్కచోట "గుర్రపు డెక్క" అనో "డీజిల్ డబ్బా" అనో పడితే చదివేవాడు తలెత్తుతాడు. అయిదు నిమిషాల పత్రంలో రెండు చోట్ల చాలు. ప్రతి వాక్యంలో పడేస్తే అది కొత్త యాసలాగా అలవాటైపోతుంది, ఎవరూ తలెత్తరు.

అతిశయోక్తి సంగతికొస్తే పిట్టలదొర వేషం చూడండి. ఖాకీ చొక్కా, కొయ్య తుపాకీ, నోటినిండా కోతలు. ఆ కోతల కట్టడం గమనించండి. మా మేడ ఎంత పెద్దదంటే దానికి కప్పు లేదు, గోడలు కూడా లేవు, అంత విశాలం, అన్న తీరులో సాగుతాయి. గొప్ప ఎంత పెరిగితే లేమి అంత బయటపడుతుంది. కోత కోసేవాడికి ఆ సంగతి తెలియనట్టే ఉంటుంది. వాడు కన్ను గీటితే వేషం పోయింది. మీ వంతెనకి అదే అచ్చు వేయొచ్చు: "మా వంతెన ఎంత తేలికైనదంటే స్తంభాలకి బరువే తెలియదు." ఇది పెద్ద అతిశయోక్తిలా వినబడుతుంది గానీ అక్షరాలా నిజం, పైన స్లాబు లేదు కదా.

తోలుబొమ్మలాటలో కేతిగాడూ అంతే. రాజు కొలువులో దూరి మాట్లాడతాడు గానీ రాజు బొమ్మ తన గాంభీర్యం వదలదు. రాజు బొమ్మ కూడా గెంతులేస్తే కేతిగాడికి పని లేదు.


తూర్పుగట్టు · 8

సాగదీత మాట ఒప్పుకున్నాను. స్లాబు వాక్యం బాగుందండి, పెట్టుకోండి.


గీతలరాత · 9

పత్రం వెనక బొమ్మ కూడా వేస్తారేమో, ఆ సంగతి చెబుతాను. బొమ్మలో ఒక్కటే పెంచాలి, మిగతావన్నీ కొలతకి ఉండాలి. మీ విషయంలో పెంచాల్సింది శిలాఫలకం. స్తంభం, పంటు, మనుషులు, ఏటిగట్టు అన్నీ ఉన్న పాళ్ళలోనే వేసి, మూడు శిలాఫలకాల్ని ఒకదాని మీద ఒకటి నిలబెట్టి స్తంభం కంటే ఎత్తు చేయండి. పంటు దిగినవాళ్ళు ఆ ఫలకాల మీంచి నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కుతుంటారు. పంటు కూడా వంకర వేసి, నాయకుడి పొట్ట కూడా పెంచి, కొంగల్ని ఏనుగులంత చేస్తే చూసేవాడికి ఏది విషయమో తెలియదు.

మనిషి ఒంటిని పెంచే పని పెట్టుకోవద్దు. పొట్ట, రంగు, కుంటి కాలు, నత్తి, కులం గుర్తులు వంతెన ఆలస్యానికి కారణాలు కావు. కారణం కానిదాన్ని పెంచితే నవ్వు వస్తుంది, విషయం ఊరు దాటిపోతుంది. పదవితో పాటు వచ్చిన వాటిని పెంచండి: కత్తెర, రిబ్బను, శాలువ, కాన్వాయ్, శిలాఫలకం మీద పేరు. ఒక ఫలకం మీద పేరు అక్షరాలు స్తంభమంత, "వంతెన" అన్న మాట చీమంత వేసి చూడండి, ఇంకేం రాయక్కర్లేదు.

ఫ్లెక్సీ మీద వేస్తే అక్షరం ఎత్తు 10 అడుగుల దూరానికి అంగుళం అని లెక్క. తెలుగుకి వత్తులు, గుడులు ఉన్నాయి కాబట్టి ఒకటిన్నర అంగుళం పట్టండి. 40 అడుగుల నుంచి చదవాలంటే 6 అంగుళాలు. 6 అడుగుల ఫ్లెక్సీలో ఆ సైజున ఒక వాక్యమే పడుతుంది. ఆ వాక్యం కొంగలదే కావాలి.


కోర్టుసెంటర్ · 10

2వ వాక్యం గురించి నా వైపు మాట. "మింగితిరి" అన్నది ఫలానా మనిషి ఫలానా నేరం చేశాడనే ప్రకటన. ముందు వెనకల పొగడ్తలున్నా దాని స్వభావం మారదు. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద ఉంది, 2024 జూలై 1 నుంచి. రెండేళ్ళ దాకా సాధారణ జైలు, జరిమానా, రెండూ, లేదా సమాజ సేవ. అదే సెక్షన్‌లో మినహాయింపులున్నాయి: ప్రజాహితం కోసం చెప్పిన నిజం, ప్రభుత్వోద్యోగి తన విధుల్లో నడుచుకున్న తీరు మీద సద్భావంతో చెప్పిన అభిప్రాయం వగైరా. పొగడ్త రూపంలో ఉన్న మీ 1, 3, 4 వాక్యాలు ఆ అభిప్రాయం వైపు నిలుస్తాయి, అడుగున ఉన్న సంగతి నిజమై ఉండాలి. కాబట్టి శిలాఫలకాల ఫోటోలు, వాటి మీద తేదీలు, పని మంజూరు కాగితం నకలు మీ దగ్గర ఉంచుకోండి. సమాచార హక్కు కింద పంచాయతీరాజ్‌ని గానీ రోడ్లు భవనాల శాఖని గానీ అడిగితే మంజూరు తేదీ, ఖర్చు వస్తాయి. పత్రం రాయకముందే అడగాలి. జవాబుకి మామూలు గడువు 30 రోజులు.

ఎన్నికల వేళ అయితే ఇంకో రెండు. కరపత్రం మీద ముద్రించిన వారి, ప్రచురించిన వారి పేరూ చిరునామా ఉండాలి, ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ. లేకపోతే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. అభ్యర్థి వ్యక్తిగత నడవడి మీద తెలిసీ అబద్ధం ప్రచురిస్తే సంహిత 175వ సెక్షన్ ఉంది. ఎటకారం అన్నంత మాత్రాన ఈ రెండూ వదిలిపెట్టవు.

సమాచార సాంకేతిక చట్టం 66ఎ పేరు చెప్పి ఇప్పటికీ ఎవరైనా బెదిరిస్తే, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసిందని గుర్తుపెట్టుకోండి.

పేరు పెట్టాలా వద్దా అని ఎలాగూ అడుగుతారు. పేరు లేకపోయినా ఎవరో తెలిసిపోతే చట్టం దృష్టిలో పేరు ఉన్నట్టే. పేరు తీసేయడం రక్షణ అనుకోవద్దు.


ద్రాక్షారామం · 11

పేరు విషయంలో రచన వైపు నుంచి ఇంకో కారణం. 14 ఏళ్ళలో ఒకే మనిషి అధికారంలో ఉండి ఉండడు. పేరు పెట్టారంటే వ్యంగ్యం ఒక పార్టీ కాగితమవుతుంది, అవతలి పార్టీ వాళ్ళు చప్పట్లు కొడతారు, వాళ్ళ శంకుస్థాపన రాయి మాత్రం అలాగే ఉంటుంది. "మా నాయకుల వారు" అంటే మూడు రాళ్ళకీ తగులుతుంది.

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు చిలకమర్తి వారు చెప్పిన పాడియావు పద్యం తీసుకోండి. అందులో ఏ కలెక్టరు పేరూ లేదు, ఏ అంకే లేదు. ఆవు, లేగదూడలు, గడుసరి గొల్లవారు, అంతే. బలమంతా చివరి మాటలో ఉంది: "మూతులు బిగియగట్టి." దూడని దగ్గరే ఉంచి, పాలు చేపాక దాని మూతి కట్టి పితుక్కోవడం పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన పని. పన్నుల దోపిడీ అని లెక్చరిస్తే పట్టనిది చిక్కం కట్టిన దూడ అనగానే పట్టింది. పద్యం చివరి పాదంలో చివరి మాటగా వచ్చింది చూశారా, హాస్యవంత గారు చెప్పిన కట్టడమే.

అలాంటి ఒక్క వస్తువు మీ పత్రంలో కావాలి. కొంగలు ఉన్నాయి, బాగుంది. 6లో హెలికాప్టరు మాత్రం ప్రతి ఊరి ఎటకారంలోనూ ఎగిరి ఎగిరి అరిగిపోయింది, తీసేయండి. పైగా వరద అంటే ప్రాణాలు పోయిన ఇళ్ళు ఆ తీర్థంలో కూర్చుని ఉంటాయి.


లంకపిల్ల · 12

వరదని వేరేలా వాడొచ్చేమో చూడండి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. "మా ఓర్పు నీటిమట్టము 17.75 అడుగులు దాటినది" అంటే?

ఇంకో మాట, వాట్సాప్ గురించి. పత్రం మొత్తం ఎవరూ పంపరు. ఒక్క వాక్యం కత్తిరించి, స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. "రాయి మీద రాయి నిలిపిన తమ దీక్ష" అని అదొక్కటే వెళ్తే నిజంగా సన్మానం జరిగిందనుకుంటారు. 2005లో నేథన్ పో అనే ఆయన ఇంటర్నెట్‌లో రాసిన మాట ఒకటి పో సూత్రం పేరుతో స్థిరపడింది: అతివాదాన్ని ఎగతాళి చేస్తూ రాసిందాన్ని, అది ఎగతాళి అని తేటగా తెలిసే గుర్తు లేకపోతే, ఎవరో ఒకరు నిజమే అనుకుంటారు. కాబట్టి ప్రతి వాక్యంలోనూ నిజమూ పొగడ్తా రెండూ ఉండేలా కట్టాలి. విడిపోతే చెడిపోయేలా ఉండకూడదు. "ఒక్క వంతెనకు 3 శంకుస్థాపనలు" అన్న అంకె అదే వాక్యంలో ఉంటే కత్తిరించినా బతుకుతుంది.

జీవో నంబరు, ప్రభుత్వ ముద్ర, పత్రిక లోగో, టీవీ బ్రేకింగ్ పట్టీ అసలు వాడొద్దు. అవి పెడితే జనం రూపాన్నే నమ్ముతారు, మాటలు చదవరు. రెండు రోజుల్లో మీ ఎటకారాన్ని ఫేక్ న్యూస్ అని తేలుస్తూ ఇంకో పోస్టు తిరుగుతుంది.


కోర్టుసెంటర్ · 13

ముద్ర విషయంలో లంకపిల్ల గారు చెప్పింది చట్టం కూడా. నాలుగు సింహాల జాతీయ చిహ్నం దుర్వినియోగం మీద 2005లో ప్రత్యేక చట్టం వచ్చింది.


హాస్యవంత · 14

17.75 గేజీ వాక్యం బాగుందమ్మా గానీ అది బెదిరింపు. వినయం పాత్రకి నప్పదు. అదే వేరే పత్రంలో, కోపంగా మాట్లాడే మనిషి నోట పెడితే పేలుద్ది. పైగా ఆ అంకె ఏటిగట్టు దగ్గర ఊళ్ళకే తడుముకోకుండా వస్తుంది. మెట్టకెళ్తే ఎవరికీ తెలియదు.

లంకపిల్ల గారన్నట్టు ప్రతి వాక్యంలో నిజం, పొగడ్త కలిపితే వాక్యం పొడుగవుతుంది, మైకులో చెడుతుంది. నేనైతే స్టేజీకి ఒకటి, ఫోనుకి ఒకటి, రెండు రాతలు చేస్తాను. స్టేజీ రాతలో నిజాలన్నీ మొదటి మూడు చిన్న వాక్యాల్లో.


కేతిగాడు · 15

అతిశయోక్తిలో ఒక రకం ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ద్రాక్షారామం గారు సరిచేయాలి. కారణానికి ముందే కార్యం జరిగిపోయినట్టు చెప్పేది అత్యంతాతిశయోక్తి అంటారు కదండీ. "వంతెన పడకముందే టోలు గేటు పడింది" అన్నట్టు. వంతెన మాట ఎత్తగానే పని అయిపోయినట్టు చెప్పేది చపలాతిశయోక్తి. ప్రభుత్వ పనుల మీద రాసేవాళ్ళకి ఈ రెండూ తవ్వినకొద్దీ దొరుకుతాయి.


ద్రాక్షారామం · 16

సరిగ్గా చెప్పారు. కారణమూ కార్యమూ ఒకేసారి జరిగితే అక్రమాతిశయోక్తి, ఆ మూడూ ఒక కుదురే. ఒక జాగ్రత్త: "పని కాకముందే బిల్లు అయిపోయింది" కూడా అదే అలంకారం అవుతుంది గానీ, మన దగ్గర అది నిజంగా జరగగల విషయం. నమ్మగలిగితే ఆరోపణ అని పైన అనుకున్నాం. టోలు గేటు ఖాళీ గట్టు మీద లేదని అందరికీ కనబడుతుంది కాబట్టి అది క్షేమం.

నమ్మలేని ప్రతిపాదనని లెక్కలతో చెప్పి గగుర్పొడిపించినవాడు ఐర్లండు రచయిత జోనథన్ స్విఫ్ట్. 1729లో, ఐర్లండు పేదల పిల్లల్ని ఏడాది వయసులో ఆహారంగా అమ్మమన్నాడు. పెంపకానికి రెండు షిల్లింగులు, అమ్మితే పది, తల్లికి ఎనిమిది లాభం. గొంతులో ఎక్కడా కోపం లేదు, గుమాస్తా లెక్క. ప్రతిపాదన ఎంత ఘోరమైతే లెక్క అంత చిన్నగా, పొందికగా ఉంది. సన్మాన పత్రంలో అంత దూరం వెళ్ళక్కర్లేదు, ఆ గుమాస్తా గొంతు మాత్రం నేర్చుకోండి.


ఏటిగట్టు · 17

అందరికీ నమస్కారం. 2, 5, 6 తీసేశాం. కమిటీలో ఒకరిద్దరికి 5 పోయినందుకు కోపంగానే ఉంది. స్టేజీ రాత ఇదీ:

"మహారాజశ్రీ వంతెన సాధకులు, లంకల పాలిటి కల్పవృక్షములు, మా నాయకుల వారి దివ్య సముఖమునకు లంకవాసులు సమర్పించు సన్మాన పత్రము.

అయ్యా, వంతెన పని మొదలై 14 ఏండ్లు. స్తంభములు 12కి 9. శంకుస్థాపనలు 3.

కాటన్ దొర గోదావరికి ఆనకట్టను 1847లో మొదలిడి 1852కే ముగించి తొందరపడెను. తమకు అట్టి తొందర లేదు.

అన్ని ఊళ్ళ వంతెనలకు రాయి ఒకటి. మా వంతెనకు మూడు. రాళ్ళ విషయమున మాకు లోటు చేయలేదు.

మా వంతెన ఎంత తేలికైనదనగా, స్తంభములకు బరువే తెలియదు.

9 స్తంభముల మీద కొంగలు కాపురమున్నవి. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు. తమ పాలనలో ఈ ఏట గృహప్రవేశము చేసినవి అవియే.

పంటు మీద నిలబడి ఏరు దాటు భాగ్యము మాకే కాదు, మా మనుమలకును దక్కించితిరి.

కావున ఈ శాలువ తమకు కప్పవలెనని బయలుదేరితిమి. రేవునకు వచ్చుసరికి పంటు ఆఖరి ట్రిప్పు వెళ్ళిపోయినది."


తూర్పుగట్టు · 18

శాలువ వాక్యం దగ్గర ఆగిపోయానండి. పంటు తప్పిపోయినోడికి రేవులో నిలబడితే ఎలా ఉంటదో అందులో ఉంది.


గీతలరాత · 19

ఫోను రాతకి ఆ చివరి రెండు వాక్యాలు ఒక బొమ్మ, కొంగలది ఒక బొమ్మ, కాటన్‌ది ఒకటి. రాళ్ళ పేరాకి నాలుగో బొమ్మ చేయొచ్చు. "వంతెన, 14 ఏండ్లు, 12కి 9" అని చిన్న అక్షరాల పట్టీ ప్రతిదాని మీదా ఉంచండి. కత్తిరించేవాడు సాధారణంగా అంచులే కత్తిరిస్తాడు కాబట్టి పట్టీని అడుగున కాకుండా బొమ్మ లోపల, ఫలకం మీద చెక్కినట్టు వేయండి.


హాస్యవంత · 20

చిన్న సవరణలు. "కావున" తీసేయండి, అది వచ్చేసరికి ముగింపు వస్తోందని తెలిసిపోయి జనం లేచి నిలబడతారు. "తమకు అట్టి తొందర లేదు" ముందు మూడు లెక్కపెట్టండి, తర్వాత కాదు. 1852 విని తీసివేత చేసుకోవడానికి ఆ టైము కావాలి. "కరెంటు బిల్లు" దగ్గర గొంతు మార్చొద్దు, "దివ్య సముఖము" ఎలా చదివారో అదీ అలాగే. మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉంచండి, "స్తంభము"లో ఒత్తు పేలకుండా ఉంటుంది. ముందు రోజు సాయంత్రం ఒకసారి రేవులోనే, పంటు ఇంజను ఆడుతుండగా చదివి చూడండి. ఆ రొదలో వినబడని మాట ఏదైనా ఉంటే తీర్థంలో కూడా వినబడదు.